చింతపండుతో తోమిన రూపాయలు

మెరిసే రూపాయిని చూస్తే అందరి కళ్ళూ మెరుస్తాయి. నాకు మాత్రం ఈనాటికీ భయమేస్తుంది. ఎందుకని మనవరాళ్ళు అడుగుతుంటారు. దేవుడు నాకింకా చూపూ జ్ఞాపకమూ ఉంచినందుకు స్తోత్రం చెప్పుకుని, ఇది రాసిపెడుతున్నాను. నేను బడికి పోలేదు. మా నాయన పగిలిన పలకముక్కల మీద అక్షరాలు దిద్దించి, ఎక్కాలు అప్పజెప్పించుకుని, చదవడం నేర్పాడు. ఆ చదువుకు అందినంత మటుకే ఈ రాత.

మా ఊరు పెద్దారవీడుకు దగ్గర. నా భర్త మార్కాపురం పక్కన పలకరాయి తీసేచోట పనిచేసేవాడు. రాయిని పగలకుండా పొరలు పొరలుగా చీల్చడంలో ఆయనది మంచి చెయ్యి. ఆ యేడు వానల్లేక, పనులు పలచబడి, ఊళ్ళో మగవాళ్ళు తలో దిక్కూ వలసపోయారు. నైజాము రాజ్యంలో, పాలమూరు వైపు బండల గనిలో కూలి బాగా ఇస్తారని ఒక మేస్త్రీ చెబితే ఆయనా పోయాడు.

నైజామంటే ఆ రోజుల్లో మాకు పరదేశమే. మా తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలోది. ఆ జిల్లా అంచున తుంగభద్ర పారుతుంది. ఆ నీళ్ళకు అవతల రాజు వేరు, కచేరీ వేరు, పలుకు తీరు వేరు, చివరికి రూపాయి కూడా వేరు. మా రూపాయి మీద దొరల రాజు తలకాయ ఉంటుంది. వాళ్ళ రూపాయి మీద చార్మినారు ఉంటుందని వినడమే గాని, నేను కంటితో చూసింది లేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆయనతో కూడా గనికి పోయిన గిద్దలూరు మనిషి ఒకడు మా వాకిట్లోకి వచ్చి కూలబడ్డాడు. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది.

“వదినా, అన్న కాలి మీద బండ పడింది,” అన్నాడు. “పాదం నుజ్జయిపోయింది. బండ్లో ఏసుకోనిపోయి ఆడ ధర్మాసుపత్రిలో పండబెట్టినాం. పుండు నల్లగయితా ఉంది. డాక్టరు కోయాలన్నాడు. ఇంటోళ్ళెవరన్నా వచ్చి ఒప్పుకుంటే గాని కత్తి పెట్టడంట. మందులకు డబ్బు గావాల. ఆలస్యం జేస్తే కాలు కాదు, మనిషే దక్కడన్నాడు.”

మా అత్త జొన్నలు చెరుగుతోంది. చేట కింద పెట్టకుండానే అడిగింది. “నా కొడుకు బతికుండాడా, లేడా? అది జెప్పు ముందు.”

“ఉండాడు పెద్దమ్మా. నేను బండెక్కేటప్పటికి మాట్లాడతానే ఉండాడు.”

అత్త చేట దించింది. నేను ఏడవలేదు. ఏడవడానికి కూడా కొంచెం ధైర్యం కావాలి. నాకు ఆపాటి ధైర్యం కూడా లేకపోయింది. కూర్చుంటే ఇక లేవలేనేమోనని గుంజ పట్టుకుని నిలబడ్డాను.

మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటుండేది. ఎసట్లో గింజలు పోసేముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేవాళ్ళం. జొన్నలుంటే జొన్నలు, కొర్రలుంటే కొర్రలు. కుండ నిండితే కంభం సంతలో అమ్మించి, వచ్చిన డబ్బును వెండి రూపాయలుగా మార్చి, సంఘపెద్ద భార్య దగ్గర దాచేవాళ్ళం. కోతల పండుగకు ఆ రూపాయల్ని చింతపండూ బూడిదా పెట్టి తళతళలాడేట్టు తోమి, ఉతికిన గుడ్డ మీద ఆరబెట్టి కానుకపళ్ళెంలో పెట్టేవాళ్ళం. ఎన్ని చేతుల మురికో అంటిన రూపాయిని అట్లాగే దేవుని చేతిలో పెట్టకూడదని మా పెద్దవాళ్ళ మాట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇది తెలుసు. దుకాణంలో తెల్లటి రూపాయి ఇస్తే “కోతల పండుగ రూపాయా” అని నవ్వేవాళ్ళు.

ఆ సాయంత్రం సంఘపెద్ద భార్య ఆ రూపాయలన్నీ తెచ్చి మా అరుగు మీద గుమ్మరించింది. “దేవుని సొమ్ము దేవుని బిడ్డకే పోతాంది. తీసుకో తల్లీ,” అంది. ఇచ్చేది దేవుని సొమ్ము కనుక ఆడవాళ్ళంతా కూర్చుని, ఏ పండుగకూ తోమనంత బాగా తోమారు. రాణి బొమ్మవి, బోడితల రాజువి, కిరీటం రాజువి అన్నీ ఒకే తీరుగా తెల్లగా మెరిశాయి. వాళ్ళ చేతుల్లో చింతపండు నురుగు ఇప్పుడు కూడా నా కళ్ళ ముందే ఉంది. వాళ్ళలో ఒక్కరు కూడా ఈ లోకంలో లేరు. ప్రభువు వాళ్ళను తన దగ్గర చల్లగా ఉంచుగాక.

జ్వరంలోనే మంచం మీద పడుకుని గిద్దలూరు మనిషి దారి చెప్పాడు. “కర్నూల్లో బండి చాన్సేపు ఆగుద్ది. ఆడ్నే రూపాయలు మార్చుకోండి. మన రూపాయిని వాళ్ళు కల్దారంటారు, వాళ్ళదాన్ని హాలీ అంటారు. మన ఆరు కల్దార్లిస్తే వాళ్ళవి ఏడు ఇయ్యాల. ఆరుకు ఏడు. మర్చిపోవద్దు.”

“ఆరిస్తే ఏడా?” అంది అత్త.

“అవును పెద్దమ్మా. మన రూపాయికి ఇలువెక్కువ.”

“నాయనా, నేను పుట్టినకాణ్ణుంచి చూస్తా ఉండా, ఆరిచ్చి ఐదు తెచ్చుకున్నోళ్ళను చూసినా గాని, ఏడు తెచ్చుకున్నోళ్ళను చూళ్ళా. ఊరికే రూపాయి ఎవుడిస్తాడబ్బా? ఎలుకకు కూడా ఊరికే ఎండుచేప పెట్టరు.”

ఆయన నవ్వబోయి దగ్గులో పడ్డాడు. జ్వరంతో ఉండి, తన ఊరికి పోకుండా మా ఊరికి ముందొచ్చిన ఆ మనిషి మేలు నేను మరవను.

మర్నాడు చంటిదాన్ని మా అమ్మ దగ్గర వదిలి, అత్తా నేనూ మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కాం. మా వెంట రావడానికి ఊళ్ళో మగదిక్కు లేదు. రూపాయలు గుడ్డసంచిలో నా నడుముకు కట్టుకున్నాను. మూటలో జొన్నరొట్టెలు, ఉప్పు, ఒక పెద్ద చింతపండు ఉండ. పరదేశంలో పులుసు పుట్టకపోతే నా కొడుకు కూడెట్ల తింటాడని అత్త పెట్టుకుంది.

కంభం, గిద్దలూరు దాటేవరకు ఎవరో ఒకరు మన యాస మనిషి పక్కనుండేవాడు. తర్వాత నల్లమల మొదలయింది. బండి కొండ కడుపులోని బొగదలోకి దూరగానే పట్టపగలు చీకటి కమ్ముకుంది. పొగ, ఇనుప మోత. నేను ఒక చేత్తో సంచినీ, ఒక చేత్తో అత్త చేతినీ పట్టుకున్నాను. నా భయమంతా ఒక్కటే. మేము పోయేసరికి ఆయన ఉంటాడా? ఉంటే, ఈ రూపాయలు ఆయనకు అక్కరకొస్తాయా? నాయన నేర్పిన ప్రార్థన మొదలుపెట్టాను గాని సగంలోనే మాటలు జారిపోయాయి. దేవుణ్ణి పేరు పెట్టి పిలవడం ఒక్కటే మిగిలింది. పిలుస్తూ కూర్చున్నాను. వెలుతురు వచ్చింది. అందుకు కూడా స్తోత్రం చెప్పుకున్నాను.

ద్రోణాచలంలో బండి మారి, కర్నూలు చేరేసరికి మరుసటి పొద్దు. బండి ఆగీ ఆగకముందే రూపాయలు మార్చేవాళ్ళు కిటికీల దగ్గర మూగారు. “కల్దార్ కల్దార్” అని అరుపులు. ఒకడు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, ఆత్రంగా వేళ్ళు ఆడించాడు. వాళ్ళ మెడల్లో వేలాడే సంచుల్లో గలగలమంటున్నాయి. ఎవరు మంచివాడో, ఎవరు దొంగో మొహం చూసి చెప్పే తెలివి నాకు లేదు.

“అత్తా, ఈడ మార్చుకోమన్నాడు గదా,” అన్నాను.

“ఊరికే రూపాయిస్తామని ఎగబడేటోళ్ళను చూస్తే నీకు భయం గాదూ? నాకయితే అయితాంది. మన రాజు తలకాయ మన కాడ ఉండనీ. కూసో.”

నాకూ భయమే. అందుకే కూర్చున్నాను. బండి కదిలి, తుంగభద్ర వంతెన మీదికి వచ్చింది. కింద ఇసుక, దూరంగా సన్నని నీటి పాయ. ఆ కాస్త నీళ్ళకు ఈ ఒడ్డున మా రూపాయి, ఆ ఒడ్డున వాళ్ళ రూపాయి.

అవతలి స్టేషనులో కరోడ్‌గిరి వాళ్ళు ఎక్కారు. సరుకుల మీద సుంకం వసూలు చేసే సర్కారు మనుషులు. ఒకడు మా మూట విప్పించి, చింతపండు ఉండలోకి పుల్ల గుచ్చి, అటూ ఇటూ తిప్పాడు.

“లోపల బంగారం దాచినారా?”

“గింజలుండాయి నాయనా. కావాలంటే తీసుకో, నాటుకుందువు,” అంది అత్త.

వాడు నవ్వి పుల్ల విసిరేసి పోయాడు. నడుముకున్న సంచి జోలికి రాలేదు. కాని నా చెమట వీపు మీంచి కిందికి కారడం నాకు తెలుస్తూనే ఉంది.

ఆసుపత్రి ఉన్న ఊరు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. పేరు చెబితే ఒక పడుచు కాంపౌండరు తీసుకుపోయాడు. తురక పిల్లవాడు, మెత్తటి మాట. నా భర్త గోడవారగా మంచం మీద ఉన్నాడు. గడ్డం పెరిగి, చెంపలు పీక్కుపోయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి, “చంటిదేదీ?” అన్నాడు. ఆ ఒక్క మాటకే నా ప్రాణం తిరిగొచ్చింది. వెంటనే పుండు వాసన తగిలింది. వచ్చిన ప్రాణం మళ్ళీ పోయింది.

డాక్టరు వచ్చి కట్టు విప్పి చూశాడు. ఆయన ఉర్దూలో చెప్పింది కాంపౌండరు మాకు చెప్పాడు. “ఈ దినమే కోయాలె అమ్మా. నలుపు చీలమండ దాంక వచ్చింది. మోకాలు దాటితే ఇగ లాభం లేదు. సూదిమందు మా దగ్గర అయిపోయింది, బజార్ల ఉంటది. సాయంత్రం నమాజు పిలుపు లోపల తేవాలె. డాక్టరు సాబు తర్వాత ఊళ్ళ మీద దౌరా పోతున్నడు, మూడు దినాలదాంక రాడు.”

అత్త కొడుకు తలమీద చెయ్యి వేసి, “కోయండి,” అంది. ఒక్కమాట. ఆ మాట అనడానికి ఆమె గుండెను ఎట్ల పట్టుకుందో నాకు తెలియదు. తర్వాత నావైపు తిరిగింది. “పద అమ్మాయ్, మందు తెద్దాం.”

మందుల దుకాణంవాడు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నేను సంచి విప్పి రూపాయలు తీయగానే సీసా మళ్ళీ లోపలికి పోయింది.

“ఇవేందమ్మా గింత తెల్లగున్నయి? నాకొద్దు. షరాబు దగ్గర మార్చి హాలీ తీస్కరా. గప్పుడు మందిస్త.”

షరాబు దుకాణం అదే వీధిలో. నాణేలు మార్చడం, వెండీ బంగారం తూచడం ఆయన పని. తెల్లటి మీసాల పెద్దాయన. మెత్త మీద కూర్చుని, ముందు చిన్న త్రాసు, పక్కన నల్లరాయి పెట్టుకుని ఉన్నాడు. మేము అరుగెక్కకుండా కిందే నిలబడి, రూపాయలు అంచున పెట్టి వెనక్కి జరిగాం. మా కులం వాళ్ళకు మా ఊళ్ళో కూడా అంతే కాబట్టి ఆ సంగతి మాకేమీ కొత్తగా తోచలేదు.

ఆయన ఒక రూపాయి తీసి రాయి మీద మోగించాడు. బాగానే మోగింది. ఇంకోటి మోగించాడు. తర్వాత రాణి బొమ్మ రూపాయిని వేలితో రుద్ది, కంటి దగ్గర పెట్టుకుని, త్రాసులో వేశాడు. ముల్లు తిన్నగా నిలబడలేదు.

“ఏడికెళ్ళి వచ్చిన్రు మీరు?”

“మార్కాపురం తాలూకా నాయనా,” అన్నాను.

“రాణి రూపాయి. అరిగి అరిగి ముక్కు కూడ లేదు. గంత పాతది గీ తీరుగ ఎట్ల మెరుస్తున్నది? ఒకటి గాదు, అన్నీ ఒక్క తీరుగనే.” మమ్మల్ని కింది నుంచి పైదాకా చూశాడు. “తేజాబుల ముంచిన్రా?”

తేజాబంటే ఏమిటో నాకు తెలియదు. ఆయనే చెప్పాడు. తేజాబు వెండిని కరిగించే నీళ్ళట. రూపాయల్ని అందులో ముంచి కాస్త వెండి దిగనిచ్చి, మిగిలిన రూపాయిని పూర్తి విలువకు మార్చే దొంగలున్నారట. అట్లాంటి రూపాయలు కొత్తవాటిలా తెల్లగా, తూకానికి తేలికగా ఉంటాయట. పోయిన నెల ఒకడు ఆయనకే అట్లాంటివి అంటగట్టి పోయాడట.

“మురికి లేని పాత రూపాయిని నేను నమ్మను,” అన్నాడు. “పది చేతులు మారితె రూపాయి నల్లబడుతది. ఆ నలుపే దానికి సాక్షి.”

అత్తే అందుకుంది. “తోమినాం నాయనా, తోమినాం. చింతపండు పెట్టి తోమినాం.”

“రూపాయిల్ని తోముకునేటోళ్ళను నేను యాడ చూడలే. గిన్నెలా చెంబులా తోమనీకె?” అని వీధిలోకి చూసి, “జవాన్, ఇటు రా” అని కేకేశాడు.

మూల మీద నిలబడిన పోలీసు జవాను వచ్చాడు. షరాబు రెండు మాటలు చెప్పగానే అతను కర్రతో రూపాయల్ని కదిపి, “చౌకీకి నడువుండ్రి. అమీను సాబు చూస్తడు,” అన్నాడు.

“ఎంతసేపు పడుద్ది అన్నా?” అని అడిగాను. చౌకీ అంటే వాళ్ళ పోలీసు ఠాణా, అమీను దాని అధికారి.

“అమీను సాబు ఊర్ల లేడు. రేపు వస్తడేమొ.”

రేపు. డాక్టరు సాయంత్రానికల్లా దౌరా పోతున్నాడు. నలుపు చీలమండ దాకా వచ్చింది. జన్మలో అంత భయం నేను ఎరగను. ప్రసవాల్లో లేదు, తర్వాత చూసిన కరువుల్లో లేదు. ఎండ కొడుతున్న వీధిలో నాకు చలి పుట్టింది. నా తోటి ఆడవాళ్ళు దేవుని పేరు మీద అంత ప్రేమగా తోమిన రూపాయలే నా భర్త ప్రాణానికి అడ్డం పడ్డాయి. దేవా, వాళ్ళు నీకోసం తోమారు, నువ్వే చూసుకో అనుకున్నాను. మనసులో ఇంకేమీ లేదు.

అత్త ఊరుకోలేదు. జవానుకు ఎదురుగా వచ్చి నిలబడింది. “బాబూ, దొంగసొమ్ము ఎవుడన్నా అద్దం మాదిరి మెరిపించుకోని పట్టపగలు బజార్లోకి తెస్తాడా? బురదబూసి తెస్తాడు గాని! మేం దొంగలమైతే ఇంత తెలివి తక్కువ దొంగలను నీ జన్మలో చూసినావా?”

జవానుకు నవ్వొచ్చింది గాని మీసం కింద దాచుకున్నాడు. “ముసలమ్మా, మాటలు చౌకీల చెప్పు.”

ఆ మాటల మధ్యే నా చెయ్యి మూటలోకి పోయింది. ఎందుకు పోయిందో నేను చెప్పలేను. పుల్ల గుచ్చిన చింతపండు ఉండ చేతికి తగిలింది. దాన్ని తీసి అరుగు అంచున పెట్టాను.

“అయ్యా,” అన్నాను షరాబుతో. “మీ పెట్టెలోంచి మీ రూపాయి ఒకటియ్యండి. బాగా నల్లగుండేది. మీ కళ్ళ ముందే తోముతాను. ఇట్లనే తెల్లగ రాకపోతే చౌకీకి పోతాం.”

ఆయన చింతపండు వైపు చూశాడు. పెట్టెలోంచి మసిబారిన కల్దారు ఒకటి తీసి, నాకివ్వకుండా త్రాసులో వేశాడు. రెండో పళ్ళెంలో గురిగింజలూ తూకపు రాళ్ళూ వేసి సరిచేసి, ముల్లు నిలిచాక వాటిని అట్లాగే వదిలేసి, రూపాయిని మాత్రం అంచుకు జరిపాడు.

“తోము. తర్వాత మళ్ళ తూస్త. తేజాబయితె తగ్గుతది.”

“బూడిద గావాల,” అన్నాను.

“జవాన్, గా చాయ్ దుకాణం పొయ్యిలకెల్లి ఇంత బూడిద తే.”

“నేనా?”

“మరి నేనా?”

జవాను గొణుక్కుంటూ పోయి చాటంత ఆకులో బూడిద తెచ్చాడు. ఒకరిద్దరు దారినపోయేవాళ్ళు నిలబడ్డారు. నేను కింద కూర్చుని, చింతపండు తడిపి, బూడిద అద్ది, తోమడం మొదలుపెట్టాను. తడికి జారి రూపాయి రెండుసార్లు దుమ్ములో పడింది. నల్లటి రసం వేళ్ళ సందుల్లోంచి కారింది. ఎంత తోమినా ఒక అంచున నలుపు పోదు. నా కంటికి అది రూపాయిలా కనబడడం మానేసి, ఆయన పాదంలా కనబడసాగింది. అత్త వంగి చూస్తూ, “గోటితో గీరొద్దు, రుద్దు, రుద్దు” అంటూనే ఉంది, ఇంట్లో చెంబు దగ్గర కూర్చున్నప్పటి లాగే.

నీళ్ళు పోసి కడిగాను. కొంగుతో తుడిచాను. ఎండలో అది మా రూపాయల్లాగే తళుక్కుమంది.

నేను అంచున పెట్టబోయేలోపే షరాబు వంగి అరచెయ్యి చాపాడు. నా తడి వేళ్ళలోంచి తన చేతిలోకి తీసుకుని, వేలితో రుద్ది, త్రాసులో వేశాడు. ముల్లు కదిలింది. అటు ఊగింది, ఇటు ఊగింది, మెల్లగా మధ్యకొచ్చి నిలిచింది.

“తగ్గలే,” అన్నాడు. మా రాణి రూపాయిని తీసి మరోసారి వేలితో రుద్దాడు. “నున్నగనే ఉన్నది. తేజాబయితె గరుకుంటది. ఇది చేతుల్ల అరిగి తక్కువైంది, పాతది గద.” జవాను వైపు తిరిగి, “పో నాయనా, నీ పని జూసుకో,” అన్నాడు. తర్వాత నాతో, “ఎందుకు తోమిన్రు బిడ్డా?” అని అడిగాడు.

చెప్పాను. పిడికెడు గింజలూ, కుండా, పండుగా, ఆసుపత్రీ, సాయంత్రం నమాజూ ఒకదాని మీద ఒకటి పడుతూ నోటికొచ్చినట్టు చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. విని, అరుగంచున ఉన్న మా రూపాయల్ని కుప్పలు చేసి, హాలీలు లెక్కపెట్టసాగాడు. ఆరుకు ఏడు. నేను కూడా లోలోపల ఎక్కం అప్పజెప్పుకుంటూ లెక్కపెట్టాను. సరిపోయాయి. అరిగిన రాణి రూపాయలకు తూకం తక్కువని బట్టా పేరుతో కొంత పట్టుకోవచ్చు, మార్చేవాళ్ళకది న్యాయమే. పట్టుకోలేదు. వాటితో పాటు వేరే పొట్లంలో కాస్త చిల్లర కూడా పెట్టి, “చార్మినారు ఉన్నవైపు చూసుకో. చిల్లరల ఎవడన్నా మోసం చేయబోతె నా పేరు చెప్పు,” అన్నాడు.

“ఏడు నిజంగానే ఇచ్చినాడే!” అంది అత్త, వీధిలోకి రాగానే.

నేను పరుగెత్తాను. మందు కొన్నాం. మేము ఆసుపత్రి మెట్లెక్కుతుండగా మసీదులో పిలుపు మొదలయింది. డాక్టరు టోపీ పెట్టుకుని బయలుదేరడానికి వరండాలోకి వచ్చి ఉన్నాడు. నా చేతిలో సీసా చూసి, టోపీ తీసి కాంపౌండరు చేతికిచ్చి, మళ్ళీ లోపలికి నడిచాడు.

ఆ తలుపు మూసి ఉన్నంతసేపూ అత్తా నేనూ గోడకానుకుని కూర్చున్నాం. నా వేళ్ళకింకా చింతపండు వాసన వస్తోంది. ఒకసారి లోపలి నుంచి ఇనుప గిన్నె కింద పడిన చప్పుడు వినిపిస్తే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టు సడలేసరికి దీపాలు పెట్టే వేళయింది. కాంపౌండరు వచ్చి, “పాదం పోయింది అమ్మా. మనిషి ఉన్నడు,” అన్నాడు. ఆ పిల్లవాడికి మొక్కబోతే, “నాకు గాదమ్మా, పైనున్నోనికి” అని పక్కకు తప్పుకున్నాడు.

నా భర్తకు తెలివొచ్చి, మాట నిలదొక్కుకున్నాక ఈ రూపాయల కథంతా అత్తే చెప్పింది, చేతులు తిప్పుతూ. జవాను బూడిదకు పోయిన చోట ఆయన నవ్వాడు. కట్టు నొప్పి పెట్టి మూలిగాడు, మళ్ళీ నవ్వాడు. అప్పుడు అత్త మొదటిసారిగా ఏడ్చింది.

నెల దాటాక ఆయన్ను మధ్యలో పెట్టుకుని ఇంటికి తిరిగొచ్చాం. కర్నూల్లో ఈసారి భయపడకుండా బండి దిగి, మిగిలిన హాలీలు మార్చుకున్నాను. ఎనిమిదున్నాయి. ఏడిస్తే ఆరొచ్చాయి.

“చూసినావా,” అంది అత్త గెలిచినట్టు. “ఊరికే ఇచ్చిన రూపాయి ఊరికే గుంజుకున్నారు. నేను ముందే చెప్పలా?”

“అత్తా, లెక్క అంతే గదా.”

“నీ లెక్క నీ కాడ ఉండనీ.”

ఎనిమిదో రూపాయిని మార్చలేదు, నా కొంగున ముడేసుకున్నాను. ఆ యేడు కోతల పండుగకు అందరూ రూపాయలు తెచ్చి తోముతుంటే, నేను దాన్ని కూడా తెచ్చి పెట్టాను. చార్మినారు సందుల నిండా మురికి. పక్కింటి వదిన చింతపండు అద్దబోతే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“దాన్నట్లనే ఉండనీ వదినా.”

“దేవుని పళ్ళెంలోకి ఇట్లనా?”

“ఇట్లనే.”

సంఘపెద్ద దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది మన కాడ చెల్లదు గదమ్మా.”

మూల నుంచి అత్త అంది. “ఆయనకేంది, ఆరుకేడా ఏడుకారా అని బట్టా జూసుకుంటాడా? పెట్టయ్యా పళ్ళెంలో.”

కుంటికర్ర పక్కన పెట్టుకుని, మగవాళ్ళ వరసలో ముందు కూర్చున్న నా భర్త తల వంచుకుని నవ్వుకుంటున్నాడు. పెద్దాయన రూపాయిని పళ్ళెంలో పెట్టాడు. తెల్లటి రూపాయల మధ్య అదొక్కటే నల్లగా కనబడింది.